పగ్గం తెగినప్పుడు

నియంత్రణ పరికరాల విభాగంలో మూడు దశాబ్దాలుగా పనిచేస్తున్న నాబోటివాడిని నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా సమాధానం చెప్పగల ప్రశ్న ఒకటున్నది. "సంకేతం తెగిపోతే ఈ వాల్వు ఏమవుతుంది?" కర్మాగారంలోని ప్రతి కంట్రోల్ వాల్వుకూ ఈ ప్రశ్నకు సమాధానం డ్రాయింగు మీదనే రాసి ఉంటుంది. గాలి పీడనం పోయినా, విద్యుత్ సంకేతం ఆగినా కొన్ని వాల్వులు తెరుచుకుంటాయి, కొన్ని మూసుకుంటాయి, కొన్ని ఉన్నచోటనే బిగుసుకుని ఉండిపోతాయి. బాయిలరుకు ఇంధనం తెచ్చే గొట్టం మీది ట్రిప్ వాల్వు మూసుకుని తీరాలి. వేడెక్కే యంత్రానికి చల్లని నీటిని అందించే వాల్వు తెరుచుకోవడమే క్షేమం. ఏది ఎలా ఉండాలో ప్రమాదం వచ్చిన క్షణాన ఎవరూ ఆలోచించరు. ఆలోచించే వ్యవధి ఉండదు. డిజైను చేసేవాడు ఏనాడో బల్ల ముందు కూర్చుని, టీ తాగుతూ, తీరికగా తేల్చిపెట్టిన విషయమది.

సహోద్యోగ మిత్రులకు ఇది కొత్త కాదు గాని, ఈ పత్రికను ఇంట్లో చదివే సోదరీమణుల కోసం, పిల్లల కోసం మరొక్క ఉదాహరణ. మన మీటర్లకు వచ్చే సంకేతం 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల మధ్య ఉంటుంది. సున్నా నుంచి ఎందుకు మొదలు కాదు? ట్యాంకులో నీరు లేకపోతే 4 వస్తుంది, తీగ తెగిపోతే 0 వస్తుంది. "నీరు లేదు" అనడానికీ, "నాకేమీ తెలియడం లేదు" అనడానికీ ఉన్న భేదాన్ని ఆ నాలుగు మిల్లీ ఆంపియర్లు కాపాడుతున్నాయి. రైలుపెట్టెల మధ్య గొట్టం ఊడిపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందిన ఆలోచనలు.

అయితే వీటన్నింటికీ ఒక సౌకర్యం ఉన్నది. ఏమీ తోచనప్పుడు ఆగిపోవచ్చు. ఆగిన రైలు పట్టాల మీద నిలుచుంటుంది, ఆగిన పంపు పునాది మీద నిలుచుంటుంది. ఆకాశంలోకి వెళ్ళిన యంత్రానికి ఆ సౌకర్యం లేదు. గాలిలో నిశ్చలంగా కనిపించే డ్రోను నిజానికి క్షణక్షణమూ శ్రమిస్తూ, బ్యాటరీని ఖర్చు చేస్తూ అక్కడ ఉంటుంది. దానికి ఆగడమంటే పడడమే. పగ్గం తెగిన డ్రోను ఏం చేస్తుందన్న ప్రశ్న నన్ను పట్టుకున్నది ఇక్కడే. పుస్తకంలో చదివి కాదు, వశిష్ఠ గోదావరి మీద కళ్ళారా చూసి.

మా చెల్లెలి కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. చిన్ననాటి నుంచీ ఫొటోల పిచ్చి. జీతం చేతికి వచ్చాక కొనుక్కున్న మొదటి విలాసం ఒక కెమెరా డ్రోను. రెక్కలు మడిస్తే గుప్పెట్లో పడుతుంది. బ్యాటరీతో సహా 249 గ్రాములు. ఆ అంకె యాదృచ్ఛికం కాదు. మన దేశంలో 250 గ్రాముల వరకు నానో తరగతి, ఆపైన 2 కిలోల వరకు మైక్రో తరగతి. ఇతర దేశాలలో కూడా నిబంధనలు చాలావరకు ఆ 250 దగ్గరే గీత గీస్తాయి. తయారీదారులు ఆ గీతకు ఒక్క గ్రాము ఇవతల నిలబడ్డారు.

2023 సంక్రాంతికి బంధువులమందరం నరసాపురం దగ్గరి మా ఊరు చేరాము. మా అమ్మకు అప్పటికి 84 ఏళ్ళు. ఆమె పుట్టిల్లు గోదావరి నడుమ ఒక లంకలో ఉండేది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారిన ఆ మహావరదకు లంక పడమటి గట్టు కోసుకుపోయింది. తరువాతి వరదలు మిగిలినదానిని కొంచెం కొంచెంగా కొరుక్కుతిన్నాయి. మా మేనమామలు ఇల్లూ వాకిలీ వదులుకుని ఒడ్డుకు వచ్చి స్థిరపడ్డారు. ఇప్పుడక్కడ ఎవరూ కాపురం ఉండరని, కొబ్బరితోట కొంత, రామాలయం అరుగు, ఆ పక్కన రావిచెట్టు మాత్రం మిగిలాయని వినికిడి. బురదలో దిగి, కోసుకుపోయిన గట్టు ఎక్కి వాటిని చూసిరాగల మోకాళ్ళు మా అమ్మకు లేవు. ఆ మాట ఆమె నోట వచ్చినప్పుడు మనవడు పక్కనే ఉన్నాడు.

"నువ్వు పడవలో కూర్చో చాలు అమ్మమ్మా, రావిచెట్టును నేను నీ దగ్గరకు తెస్తాను" అన్నాడు.

కనుమనాడు కాకి కూడా కదలదంటారు గనుక ముక్కనుమ నాడు బయలుదేరాము. మర పడవ మాట్లాడుకుని, అమ్మను కుర్చీతో సహా ఎక్కించి, సాయంత్రం నాలుగు గంటల వేళ నది నడుమకు చేరాము. లంక రేవు దగ్గర మేట వేసి ఉండడం వల్ల పడవ అంతకు మించి దగ్గరకు పోదన్నాడు సరంగు. మావాడు పడవలోని చెక్క మీద డ్రోనును పెట్టాడు. అది ఉపగ్రహాల కోసం కొంతసేపు వెదుక్కుని, తానున్న చోటును గుర్తు పెట్టుకుని, తుమ్మెద రొదతో పైకి లేచింది. తెర అదిరిపోకుండా అమ్మమ్మ చూడాలని వాడు సరంగును ఇంజను ఆపమన్నాడు.

ఇక్కడ యంత్రం సంగతి కొంచెం చెప్పుకోవాలి. చేతిలోని పెట్టెతో మనం డ్రోనును నడుపుతున్నామనుకోవడం పైకి కనిపించే మాట మాత్రమే. నాలుగు మోటార్లలో ఎదురెదురు మూలల జంట ఒక దిక్కుకు, రెండవ జంట దానికి వ్యతిరేక దిక్కుకు తిరుగుతాయి. ఏ మోటారు ఎంత వేగంతో తిరగాలో సెకనుకు వందల సార్లు సవరించుకుంటే తప్ప అది నిలవదు. ఆ పని మనిషి వేళ్ళకు సాధ్యం కాదు. లోపలి చిన్న కంప్యూటరు చేస్తుంది. తన స్థానాన్ని సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీయస్ ఉపగ్రహాల నుంచి, ఎత్తును గాలి పీడనం నుంచి, దిక్కును లోపలి అయస్కాంత దిక్సూచి నుంచి తెలుసుకుంటుంది. మనం పంపేది కోరిక మాత్రమే. "ముందుకు పో", "కిందికి దిగు" అంటాము, ఎలాగన్నది అది చూసుకుంటుంది. కనుక మన పెట్టెకూ దానికీ మధ్య సంబంధం తెగినప్పుడు యంత్రానికి పిచ్చెక్కదు. దానికి కోరికలు అందడం మానేస్తాయి, అంతే. అప్పుడేం చేయాలో ముందే చెప్పి ఉంటారు. ఉన్నచోట నిలబడడం, ఉన్నచోటనే దిగిపోవడం, బయలుదేరిన చోటికి తిరిగి రావడం, ఈ మూడింటిలో ఒకటి. మన వాల్వులు మూసుకోవడం, తెరుచుకోవడం, బిగుసుకోవడం వంటిదే ఇదీ. సాధారణంగా మూడవదానిని ఎంచి పెడతారు. తయారీదారులు ఆ బయలుదేరిన చోటుకు "ఇల్లు" అని పేరు పెట్టారు. ఒక అక్షాంశానికీ, ఒక రేఖాంశానికీ అంత ఆత్మీయమైన పేరు పెట్టడం నాకైతే నచ్చలేదు.

తెర మీద కొబ్బరితలలు కనిపించాయి. తరువాత ఒక బోడి గట్టు, కూలిన నూతి వర. అమ్మ కళ్ళద్దాలు సవరించుకుని, "అది మా పెరటి నుయ్యి కాదూ" అన్నది. ఎవరి ఇల్లు ఎక్కడుండేదో, ఎవరి పెళ్ళికి పందిరి ఎందాకా వేశారో వరుసగా చెప్పసాగింది. డ్రోను ఆమె మాట వెంటనే నడిచింది. అరుగు కనిపించింది, చెట్టు కనిపించింది. "ఇంకా కిందికి దించరా, చెట్టు మొదలు చూడాలి" అన్నది. వాడు దించాడు. తోట అవతల, చెట్ల తలల కిందికి. మరుక్షణం తెర మీది బొమ్మ కదలక నిలిచిపోయింది.

ఈ పరికరాలు 2.4 గానీ, 5.8 గానీ గిగాహెర్ట్జ్ తరంగాలతో మాట్లాడుకుంటాయి. ఆ తరంగాలకు ఎదురుగా చూపు ఆనాలి. నీరు నిండిన ఆకులు, మానులు వాటిని మింగేస్తాయి. మధ్యలో కొబ్బరితోట అడ్డం వచ్చింది.

"కంగారు లేదు అమ్మమ్మా, దానంతటదే వస్తుంది" అన్నాడు మావాడు. నిజంగానే వచ్చింది. ముందుగా నిర్ణయించిన 40 మీటర్ల ఎత్తుకు లేచి, కొబ్బరితలల మీదుగా చుక్కలా కనిపించినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చుక్క మా వైపు రాలేదు. మాకు ఎగువన, నది నడుమ, ఎవరూ లేని నీటి మీద ఆగింది. ఆగి, నెమ్మదిగా కిందికి దిగడం మొదలుపెట్టింది.

మొదట గ్రహించినవాడు సరంగు. "బాబూ, మనం పాటుకు కొట్టుకొచ్చేశాం" అన్నాడు. గోదావరి ఒడ్డువారికి పోటూ పాటూ చెప్పనక్కరలేదు. సముద్రపు నీరు నదిలోకి ఎక్కితే పోటు, వెనక్కి తీస్తే పాటు. ఇంజను ఆగిన పడవ పదిహేను నిమిషాలుగా అంతర్వేది వైపు జరుగుతూనే ఉన్నది. అందరి కళ్ళూ తెర మీద ఉండడం వల్ల ఒడ్డు కదలడాన్ని ఎవరూ చూడలేదు. నిమిషానికి 40 మీటర్ల చొప్పున లెక్క వేసుకున్నా 600 మీటర్లు. డ్రోను తన "ఇంటికి" సరిగ్గానే చేరింది. ఇల్లే జరిగిపోయింది.

చూపు ఆనగానే సంబంధం తిరిగి కలిసింది. మావాడు దిగడాన్ని రద్దు చేసి, మా వైపు నడిపించాడు. ఇక అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. సాయంత్రపు సముద్రగాలి కింది నుంచి పైకి వీస్తున్నది, అంటే మాకు వీపున, డ్రోనుకు ముఖాన. నీటి మీద హాయిగా తోచే గాలి 40 మీటర్ల ఎత్తున అంత మెత్తగా ఉండదు. దాని మామూలు వేగం సెకనుకు 10 మీటర్లు. ఎదురుగాలి ఆరో ఏడో అయితే మిగిలేది మూడు. 600 మీటర్లు రావడానికి మూడు నిమిషాలకు పైగా పడుతుంది. తెర మీద బ్యాటరీ అంకె ఎర్రబడి ఉన్నది. సరంగు ఇంజను తాడు లాగాడు. ఒకసారి, రెండుసార్లు. మూడవసారికి అందుకుంది.

ఛార్జీ ఒక హద్దు దాటి పడిపోతే ఈ యంత్రాలు యజమాని మాట కూడా వినవు, ఉన్నపళాన దిగిపోతాయి. అంత ఎత్తు నుంచి రాయిలా పడడం కన్నా మెల్లగా దిగడం మేలన్నది డిజైనరు ఆలోచన. జనం తిరిగే నేల మీద అది చాలా మంచి ఆలోచన. మావాడు పైకి లేచే మీటను గట్టిగా నొక్కి పట్టుకున్నా, మాకు 150 మీటర్ల దూరాన అది గోదావరి మీద మృదువుగా, దీపం దించినట్టు దిగింది. పడవ అక్కడికి చేరేసరికి నీటి మీద వలయం కూడా లేదు.

"ఎక్కడికి పోయిందిరా?" అని అడిగింది అమ్మ. వాడు సమాధానం చెప్పలేకపోయాడు. ఇరవై ఆరేళ్ళవాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోయిన డబ్బు కోసం కాదని అందరికీ తెలుసు. చెట్టు బొమ్మలున్న మెమొరీ కార్డు కూడా దానితోనే పోయింది.

ఆ రాత్రి వాడూ నేనూ ఫోనులో మిగిలిన ప్రయాణ వివరాలను సెకను సెకనూ తిరగేశాము. వృత్తిధర్మం అనుకోండి, దురలవాటు అనుకోండి. యంత్రంలో ఒక్క దోషమూ కనిపించలేదు. సంబంధం తెగిన క్షణం నుంచి నీటిని తాకిన క్షణం వరకూ చెప్పినదంతా చెప్పినట్టే చేసింది. "ఇల్లు" ఉన్నచోటనే ఉండక చేతిలోని పెట్టె వెంట జరిగేటట్టు మార్చుకునే సదుపాయం కూడా అందులో ఉన్నదని, మెనూలో మూడు మెట్లు లోపల దాగి ఉన్నదని అప్పుడు కనుక్కున్నాము. వాడిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కదిలే పడవను ఆ యంత్రం ఊహించలేదు, కదులుతున్నదని పడవలోని వారికే తెలియలేదు. మా కర్మాగారంలో అయితే ఆ ప్రశ్న వేయడానికే నలుగురితో ఒక సమావేశం జరుగుతుంది. బజారులో అమ్మే వస్తువుకు ఆ నలుగురూ ఎక్కడి నుంచి వస్తారు?

పగ్గం తెగడంలో రెండవ రకం ఒకటున్నది, టౌన్‌షిప్పులలో ఉండే మనకు అది మరింత దగ్గర. ఇనుప వేదిక మీది నుంచో, లోపల కమ్మీలు దట్టంగా ఉన్న డాబా మీది నుంచో, కారు టాపు మీది నుంచో డ్రోనును లేపారనుకోండి. మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలు, చాలా సన్నని సంకేతం. పక్కనే ఉన్న ఉక్కు దానిని వంచుతుంది. దిక్సూచి దిక్కు తప్పితే, గాలికి తూర్పుకు జరిగిన యంత్రం పడమటికి సవరించుకుంటున్నాననుకుని మరో దిక్కుకు పోతుంది. పోయినకొద్దీ ఇంకా గట్టిగా సవరించుకుంటుంది. సున్నాలు చుట్టుతూ, ఆ సున్నాలు పెద్దవవుతూ, చివరికి ఒకవైపు దూసుకుపోతుంది. ఫీడ్‌బ్యాక్ గుర్తు తారుమారైతే లూపు ఏమవుతుందో మన విభాగం కుర్రవాళ్ళకు చెప్పనక్కరలేదు. కాలనీలో ఒక పెళ్ళి ఊరేగింపులో ఫొటోగ్రాఫరు డ్రోను ఇలాగే సున్నాలు చుట్టి నీలగిరి చెట్టు కొమ్మలలో ఇరుక్కున్నది. చెట్టు అక్కడ లేకపోతే దాని దారిలో బాజాభజంత్రీల వారున్నారు.

నది మీద పోయినది ఒక బొమ్మ అనుకుని ఊరుకోవచ్చు గాని, అన్నిచోట్లా నది ఉండదు. 2015 జనవరి 26 తెల్లవారుజామున వాషింగ్టనులో ఒక వ్యక్తి సరదాగా ఎగరేసిన డ్రోను పట్టు తప్పి అమెరికా అధ్యక్ష భవనం ఆవరణలో పడింది. ఆ రోజునే అమెరికా అధ్యక్షుడు మన గణతంత్ర దినోత్సవానికి అతిథిగా ఢిల్లీలో ఉన్నారు. అదే ఏడాది డిసెంబరు 22న ఇటలీలో మంచు మీద జారే పోటీలో ఒక క్రీడాకారుడి వెనుక, అడుగుల దూరంలో, కెమెరా డ్రోను పడి ముక్కలైంది. అతడు వెనుదిరిగి చూడకుండానే పోటీ పూర్తిచేశాడు. 2025 జనవరి 9న లాస్ ఏంజిలిస్ దగ్గర అడవి మంటలు ఆర్పుతున్న విమానం రెక్కను కంటిచూపు దాటి పోయిన ఒక డ్రోను ఢీకొట్టి చిల్లు చేసింది. మంటలు చెలరేగుతున్న వేళ ఆ విమానాన్ని మరమ్మతుకు నిలిపివేయవలసి వచ్చింది. ఈ మూడవ సంఘటన నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. డ్రోనుకు ఏమైనదన్నది అక్కడ ఎవరికీ పట్టదు.

మన దేశంలో 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నియమావళి మునుపటి వాటికన్నా సరళమైనది. డిజిటల్ స్కై పటంలో దేశం ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా ఉంటుంది. ఆకుపచ్చ మండలంలో సాధారణంగా 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కరలేదు. విమానాశ్రయాల చుట్టుపక్కల ఆంక్షలు వేరు. ఉల్లంఘిస్తే జరిమానా లక్ష రూపాయల వరకు ఉండవచ్చు. కర్మాగారాల చెంత కాపురముండే మనవారు ఆ పటం చూడడంతో సరిపెట్టుకోక భద్రతా విభాగం వారిని అడిగి తెలుసుకోవడం మంచిది. నానో తరగతి కదా అని పండుగనాడు జనం తలల మీద తిప్పేవారిని చూస్తే నాకు భయమే. ఎత్తు నుంచి పడేటప్పుడు 249 గ్రాములు కూడా తక్కువ బరువేమీ కాదు.

ఇక మా అమ్మ సంగతి. ఫోను వివరాలు తిరగేస్తుండగా మావాడికి తెల్లవారుజామున ఒక విషయం తట్టింది. డ్రోను పంపిన బొమ్మలను తెర మీద చూపించేటప్పుడు ఆ అప్లికేషను వాటి మసక నకలు ఒకటి ఫోనులోనే దాచిపెడుతుంది. వెదికితే దొరికింది. పదకొండు నిమిషాలు, కొంచెం గళ్ళుగళ్ళుగా. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా అమ్మ దాన్ని చూసింది. నూతి వర దగ్గర ఆపించింది, అరుగు దగ్గర ఆపించింది. చెట్టు మొదలు దగ్గర బొమ్మ తనంతట తానే ఆగింది, సంబంధం తెగినది అక్కడే గనుక. ఆ చివరి బొమ్మలో మాను సగమే కనబడుతుంది. దానికి ఒక ఎర్రావు కట్టేసి ఉన్నది. మెడలో పసుపు పూసిన తాడు, కొమ్ములకు రంగు. కనుమనాడు ఎవరో అలంకరించి ఉంటారు.

"మనుషులే లేరన్నారు, ఆవెవరిదిరా?" అన్నది అమ్మ.

ఒడ్డున ఉన్న మా మేనమామల పిల్లలకు ఫోను చేసి అడిగాము, సరంగుకు కబురు పెట్టాము. ఎవరికీ తెలియలేదు. మావాడు మరొక డ్రోను కొన్నాడు. ఈసారి పడవ నుంచి కాదు, లంకకు ఎదురుగా ఉన్న గట్టు మీది నుంచి లేపుతాడట, తోట అడ్డం రాని చోటు కూడా చూసి పెట్టుకున్నాడు. అమ్మ మాత్రం ఆవును దగ్గరగా చూపించమంటున్నది.